లెక్కలో పడిన గాలిని బయటికి వదలొద్దు

సంక్రాంతి మూడు రోజులూ మా ఊరి సెంటర్లో నిలబడితే చాలు, కార్ల బజారు ఎటు తిరిగిందో తెలిసిపోతుంది. ఒకప్పుడు హైదరాబాదు నుంచి దిగే అల్లుళ్ళ కార్లన్నీ డీజిలే. ఇప్పుడు నెక్సాన్, వెన్యూ, ఫ్రాంక్స్, టైగన్, స్లావియా, పెట్రోలు థార్, ఇలా చిన్న ఇంజనుకి టర్బో (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే సామాను) తగిలించిన పెట్రోలు బళ్ళు వరసకట్టి కనబడుతున్నాయి. పాలకొల్లు, భీమవరం, అమలాపురంలో కూడా కొత్తగా కొనేవాళ్ళు వీటినే అడుగుతున్నారు. బండి కొన్న కొన్నాళ్ళకి కుర్రాళ్ళకి ఒక కోరిక పుడుతుంది. ఎక్సలేటర్ వదలగానే ఇన్‌స్టాగ్రామ్ వీడియోల్లో వినబడే ఆ ‘ప్స్‌ష్‌ష్’ తన కారులోంచీ రావాలి.

మా మేనల్లుడూ అదే అడిగాడు. “మావయ్యా, డైవర్టర్ పీకేసి బ్లో-ఆఫ్ పెట్టించేస్తాను. పికప్ కూడా పెరుగుద్దంట.”

కాలు తీసినప్పుడు టర్బో పైపులో ఇరుక్కున్న గాలిని వదిలే వాల్వ్‌లివి. డైవర్టర్ దాన్ని లోపలికే తిప్పుతుంది, బ్లో-ఆఫ్ బయటికి వదిలేస్తుంది. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంటికీ, ఆఫీసుకీ, పెళ్ళిళ్ళకీ తిరిగే కారుకి, మన డెల్టా రోడ్ల మీద, కంపెనీ పెట్టిచ్చిన డైవర్టరే సరైంది. చెడిపోతే కొత్తది వేయించండి. బూస్ట్, అంటే టర్బో నొక్కే గాలి ఒత్తిడి, పెంచుకుంటే ఇంకా గట్టిది వేయించండి. ఏది వేయించినా గాలిని మాత్రం లోపలికే తిప్పండి. బ్లో-ఆఫ్ వాల్వ్ పనికిరానిదని నేను అనడం లేదు. దానికి తగిన బళ్ళు ఉన్నాయి, తగిన చోట్లు ఉన్నాయి. చించినాడ బ్రిడ్జి దిగాక వచ్చే స్పీడ్ బ్రేకర్లు మాత్రం వాటిల్లోకి రావు.

అసలు ఈ వాల్వ్ ఎందుకుందో చూద్దాం. టర్బోలో ఒకే ఇరుసు మీద రెండు చక్రాలుంటాయి. ఒకదాన్ని ఇంజనులోంచి వచ్చే పొగ తిప్పుతుంది. రెండోది, అంటే కంప్రెసర్, బయటి గాలిని లాగి, నొక్కి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజనుకి పంపుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. మనం ఎక్సలేటర్ నొక్కి ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. గేరు మార్చడానికి కాలు తీశామంటే ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలో ఉండే థ్రాటిల్ పలక టక్కున మూసుకుంటుంది. పలక మూసుకున్నా టర్బో అక్కడికక్కడే ఆగిపోదు, ఆ ఊపుతో ఇంకా గాలిని తోస్తూనే ఉంటుంది. కాలువలో నీళ్ళు జోరుగా వస్తున్నప్పుడు కింద లాకు తలుపులన్నీ ఒక్కసారి దించేస్తే ఎలా ఉంటుందో అలాంటి పరిస్థితి అది. పైనుంచి వచ్చేది ఆగదు, ముందుకు దారి లేదు, కాబట్టి ఎదురు తన్నుతుంది. గాలి అలా వెనక్కి తన్ని కంప్రెసర్ రెక్కల మధ్యనుంచి ఎదురొస్తేనే ‘టుటుటుటు’ అని పావురం రెక్కలు కొట్టుకున్న చప్పుడు వస్తుంది. దాన్నే కంప్రెసర్ సర్జ్ అంటారు. తక్కువ బూస్ట్‌లో అప్పుడప్పుడూ వస్తే పెద్ద నష్టమేమీ లేదు. ఎక్కువ బూస్ట్ పెట్టుకున్న బండిలో పదేపదే జరిగితే మాత్రం ఇరుసుని నిలబెట్టే థ్రస్ట్ బేరింగు మీద దెబ్బ పడుతుంది. టర్బో వేగం కూడా పడిపోతుంది కాబట్టి తర్వాతి గేరులో మళ్ళీ ఊపందుకోవడానికి టైము పడుతుంది.

అందుకే ఆ పైపుకి ఒక తలుపు పెట్టారు. థ్రాటిల్ దాటాక సిలిండర్లకి గాలి పంచే మ్యానిఫోల్డ్ నుంచి ఒక సన్న ట్యూబు వచ్చి ఈ తలుపు నెత్తిమీద కలుస్తుంది. ఎక్సలేటర్ నొక్కి ఉన్నప్పుడు తలుపు పైనా కిందా ఒకటే ఒత్తిడి, అందుకని లోపలి స్ప్రింగు దాన్ని మూసి ఉంచుతుంది. కాలు తీయగానే మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పుడుతుంది. పైనుంచి వ్యాక్యూమ్ లాగుతుంది, కిందనుంచి బూస్ట్ తోస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడిదాకా బ్లో-ఆఫ్‌కీ డైవర్టర్‌కీ తేడా లేదు. తెరుచుకున్న గాలి ఎటు పోతుందన్నదే తేడా. బ్లో-ఆఫ్ దాన్ని బానెట్ కింద బయటికి వదిలేస్తుంది. డైవర్టర్ ఇంకో గొట్టం ద్వారా కంప్రెసర్‌కి ముందున్న పైపులోకి, అంటే టర్బో గాలి పీల్చుకునే చోటికి తిరిగి పంపుతుంది. కొత్త బళ్ళలో చాలావాటికి ఈ తలుపు టర్బో ఒంటికే అతుక్కుని ఉంటుంది, వ్యాక్యూమ్ ట్యూబు బదులు ఇంజనుని నడిపే కంప్యూటరే కరెంటుతో తెరుస్తుంది.

వేస్ట్‌గేట్ అనేది దీనికి సంబంధం లేని వేరే సామాను. అది పొగ వైపు ఉంటుంది, బూస్ట్ ఎంత ఉండాలో అదుపు చేస్తుంది. షాపుల్లో ఈ రెంటినీ కలిపేసి చెప్పేవాళ్ళని చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఇక పికప్ సంగతి. మా వాడి మాటలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. కారు పవర్ ఎప్పుడు ఇస్తుంది? కాలు అదిమి ఉన్నప్పుడు. అప్పుడు వాల్వ్ ఏ స్థితిలో ఉంటుంది? మూసుకుని. మూసుకుని ఉన్న తలుపు ఎటువైపు తెరుచుకునే రకమైతే మాత్రం ఇంజనుకేం తెలుస్తుంది? పవర్ విషయంలో వాల్వ్ చేయాల్సిన పని ఒక్కటే: మూసుకున్నప్పుడు లీక్ కాకుండా ఉండటం. పాత డైవర్టర్ లీకవుతున్న బండికి కొత్త బ్లో-ఆఫ్ పెట్టి “చూడండి, పికప్ ఎలా వచ్చిందో” అంటారు. నిజమే, వస్తుంది. ఆ పాతదాని స్థానంలో కొత్త డైవర్టర్ పెట్టినా అంతే వస్తుంది. ఆ సంగతి మాత్రం చెప్పరు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ఎయిర్ ఫిల్టర్ దాటగానే కొన్ని బళ్ళలో మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటుంది. మెకానిక్కులు మాఫ్ అంటారు. లోపలికి వెళ్ళే గాలి ఎన్ని గ్రాములో అది కొలిచి కంప్యూటరుకి చెబుతుంది, దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు చిమ్ముతుంది. మాఫ్ దాటిన గాలి అంతా ఇంజనులోకే వెళ్తుందని దాని నమ్మకం. కంపెనీ డైవర్టర్ ఆ నమ్మకాన్ని నిలబెడుతుంది. తెరుచుకున్నప్పుడు గాలి మాఫ్‌కీ టర్బోకీ మధ్యలోకి తిరిగి వచ్చి, మళ్ళీ మళ్ళీ అక్కడే తిరుగుతుంది. కొత్త గాలి మాఫ్ మీదుగా రాదు, కాబట్టి లెక్క తప్పదు. బ్లో-ఆఫ్ పెట్టారనుకోండి, కాలు తీశాక కూడా తిరుగుతున్న టర్బో ఫిల్టర్‌లోంచి కొత్త గాలిని లాగి వాల్వ్‌లోంచి బయటికి ఊదేస్తుంది. మాఫ్ దాన్ని కూడా లెక్క రాస్తుంది. కంప్యూటర్ దానికీ పెట్రోలు ఇస్తుంది. మళ్ళీ ఎక్సలేటర్ తొక్కితే ఖాళీ అయిన పైపుల్ని నింపడానికి ఇంకొంత గాలి వెళ్తుంది. అదీ లెక్కలో పడుతుంది గానీ ఇంజనుకి అందేది తక్కువ.

ఎంత గాలి అని అడగొచ్చు. ఒక లెక్క వేసి చూద్దాం. పైపులూ ఇంటర్‌కూలరూ కలిపి 9 లీటర్ల జాగా ఉందనుకోండి, అందులో 1 బార్ బూస్ట్, అంటే బయటి గాలి ఒత్తిడికి పైన ఇంకో అంత, ఉందనుకోండి. వాల్వ్ తెరుచుకుని మామూలు ఒత్తిడికి వచ్చేసరికి 9 లీటర్ల గాలి బయటికి పోతుంది. 1.8 లీటర్ల ఇంజను 900 ఆర్‌పీఎంలో ఐడ్లింగ్‌లో (ఎక్సలేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతూ) ఉన్నప్పుడు, మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటి గాలిలో మూడో వంతు అనుకుంటే, సెకనుకి 4.5 లీటర్ల గాలి పీలుస్తుంది. అంటే ఒక్క ‘ప్స్‌ష్’లో పోయింది రెండు సెకన్ల ఐడ్లింగ్‌కి సరిపడే గాలి. కంప్యూటర్‌కి ఇది చిన్న పొరపాటేమీ కాదు.

దీని ఫలితం ఎక్కడ తెలుస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే వాదించేవాళ్ళు ఇక్కడే పట్టుకుంటారు. గేరులో ఉండగా కాలు తీస్తే కంప్యూటర్ ఎలాగూ పెట్రోలు ఆపేస్తుంది, అప్పుడు ఇబ్బంది తెలియదు. క్లచ్ తొక్కి గేరు మార్చేటప్పుడు, న్యూట్రల్‌లో ఆపడానికి వస్తున్నప్పుడు, ఇంజను ఐడ్లింగ్‌కి దిగేటప్పుడు తెలుస్తుంది. ఆర్‌పీఎం ఉండాల్సిన దానికంటే కిందికి జారి, ఒక్కసారి వణికి, ఒక్కోసారి ఆగిపోతుంది. వెనక సైలెన్సర్ దగ్గర నల్ల పొగ, ప్లగ్గుల మీద మసి, కాలకుండా వెళ్ళిన పెట్రోలు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని వేడెక్కించడం, చివరికి చెక్ ఇంజన్ లైటు.

ఇదే బండి రేసు ట్రాక్ మీద ఉంటే ల్యాపుకి పది పదిహేను సార్లు కాలు తీస్తాడు, మిగతా అంతా తొక్కుడే. మన దగ్గర ఎలా ఉంటుంది? పాలకొల్లు నుంచి వీరవాసరం మీదుగా భీమవరం వెళ్ళండి. ఊరికో స్పీడ్ బ్రేకర్, బడి దగ్గర ఇంకోటి, గుడి దగ్గర ఇంకోటి. దాళ్వా కోతలైతే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని అంచున వరసగా రాళ్ళు పెట్టి ఉంటాయి. ఎదురుగా రొయ్యల మేత వేసుకుని ఆటో వస్తుంది. మూడో గేరు, రెండో గేరు, మళ్ళీ మూడు, మళ్ళీ కాలు తీయడం. వాల్వ్ ఎన్నిసార్లు తెరుచుకుంటుందో అన్నిసార్లూ లెక్క తప్పుతుంది. కార్ల వీడియోల్లో ఖాళీ హైవే మీద ఒక్కసారి ఊదిస్తారు. మనం ఇక్కడ రోజూ ఊదించాలి.

దీనికి అవతలి వాళ్ళ దగ్గర మంచి జవాబే ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. “అన్నా, నా బండికి మాఫ్ లేదు, మ్యాప్ సెన్సర్ ఉంది” అంటారు. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి నిజంగానే అంతే. మ్యాప్ కొలిచే మ్యానిఫోల్డ్ ఒత్తిడి, గాలి వేడి, ఆర్‌పీఎం చూసి ఎంత గాలి వెళ్తోందో కంప్యూటర్ లెక్కగడుతుంది. థ్రాటిల్ దాటాక కొలిచే లెక్క కాబట్టి, ముందే బయటికి పోయిన గాలితో దానికి పేచీ లేదు. మాఫ్‌ని వాల్వ్ తర్వాత, థ్రాటిల్‌కి దగ్గరగా బిగించిన బండికైనా ఇదే వర్తిస్తుంది. కాబట్టి ‘బ్లో-ఆఫ్ పెడితే ఇంజను పోతుంది’ అని గంపగుత్తగా చెప్పేవాళ్ళ మాట కూడా తప్పే. ముందు మీ బండి గాలిని ఎలా కొలుస్తుందో కనుక్కోండి. ఫిల్టర్ డబ్బా దాటిన పైపు మీద ఒక కనెక్టర్ కనబడినంత మాత్రాన మాఫ్ అనుకోకండి, ఉత్త వేడి కొలిచే సెన్సరూ ఉండొచ్చు. స్కానర్ పెట్టి లైవ్ డేటాలో ‘గ్రాములు పర్ సెకండ్’ నిజంగా సెన్సర్ నుంచి వస్తోందా, లెక్కగట్టినదా అని తెలిసిన మెకానిక్‌ని అడగడం మేలు.

మ్యాప్ బళ్ళకి కూడా నేను వద్దనే అంటాను. కాకపోతే కారణాలు వేరు.

మొదటిది నూనె. ఇంజను అడుగున పుట్టే ఆయిల్ ఆవిరిని బయటికి వదలకుండా టర్బోకి ముందున్న పైపులోకి పంపి కాల్చేస్తారు. అందువల్ల ఇంటర్‌కూలర్ పైపుల్లో లోపలంతా సన్నటి ఆయిల్ పొర ఉంటుంది. డైవర్టర్ ఉంటే ఆ ఆవిరి లోపలే తిరుగుతుంది. బ్లో-ఆఫ్ దాన్ని బానెట్ కింద చల్లుతుంది. తణుకు, తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లుల పక్కనుంచి రోజూ వెళ్ళే బండిని తీసుకోండి. గాల్లో ఊక బూడిద, వడ్ల తాలు దుమ్ము, ఇసుక లారీల వెనక లేచే దుమ్ము. ఈ ఆయిల్ మీద అవి పడితే వాల్వ్ మూతి చుట్టూ నల్లగా, గ్రీజులా పేరుకుపోతుంది. ఒక కుర్రాడి బండిలో ఆ ముద్దని నేను గోటితో గీకి చూశాను, వేలికి అంటుకుని సబ్బుకి కూడా వదల్లేదు. అదే ముద్ద వాల్వ్ సీటు మీద చేరితే తలుపు పూర్తిగా మూసుకోదు. మూసుకోకపోతే బూస్ట్ లీక్. డబ్బు పోసి కొన్న వాల్వ్ వల్లే పికప్ తగ్గుతుందన్నమాట.

రెండోది స్ప్రింగు. బయటికి వదిలే వాల్వ్‌కి స్ప్రింగు మెత్తగా ఉంటే, ఐడ్లింగ్‌లో ఉండే వ్యాక్యూమ్‌కే అది కొంచెం తెరుచుకుని ఉండిపోతుంది. అప్పుడు టర్బో ఇంకా తోయడం లేదు కాబట్టి, గాలి బయటికి పోవడం మానేసి ఆ మూతిలోంచే లోపలికి వస్తుంది. ఫిల్టర్ లేని గాలి. మన గాల్లో ఉండేదేంటో పైన చెప్పాను. మరీ గట్టి స్ప్రింగు వేస్తే కాలు తీసినా సరిగా తెరుచుకోదు, మళ్ళీ ఆ ‘టుటుటుటు’ మొదలు. దేనికైనా స్ప్రింగుని మీ ఇంజను ఐడ్లింగ్ వ్యాక్యూమ్‌కి సరిపెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో ‘అన్ని కార్లకీ సరిపోతుంది’ అని అమ్మే నకిలీ వాల్వ్‌లకి ఆ స్ప్రింగు లెక్క ఎవడూ చూడడు. డైవర్టర్ కాస్త తెరుచుకుని ఉన్నా వచ్చేది ఫిల్టర్ దాటిన గాలే. ఇంజనుకి ఇసుక తగలదు.

కరెంటుతో తెరుచుకునే డైవర్టర్ ఉన్న బళ్ళకి ఇంకో రకం సరుకు అమ్ముతున్నారు. టర్బోకీ వాల్వ్‌కీ మధ్య పెట్టే అల్యూమినియం స్పేసర్. తెరుచుకున్నప్పుడు కొంత గాలిని పక్క రంధ్రాల్లోంచి బయటికి ఊదుతుంది. చవక, పావుగంట పని, శబ్దం గ్యారంటీ. దానితో రెండు కొత్త ఓ-రింగులు, రెండు కొత్త జాయింట్లు కూడా వచ్చి చేరతాయి. టర్బో పక్కన వేడికి అవి ఎన్నాళ్ళు గట్టిగా పట్టుకుంటాయన్నది ఆ ఓ-రింగుల నాణ్యత మీద ఉంటుంది. నాకైతే ఒంటికి అతుక్కున్న తలుపుని ఊడదీసి మధ్యలో అట్టముక్క పెట్టే పని నచ్చదు. చేయించుకున్నవాళ్ళలో ఏ ఇబ్బందీ లేనివాళ్ళు కూడా ఉన్నారు, అది వేరే మాట.

శబ్దం కోసమే అయితే, అంతగా ఉంటే, సగం సగం రకాలున్నాయి. ఆస్ట్రేలియాకి చెందిన జీఎఫ్‌బీ, టర్బోస్మార్ట్ లాంటి కంపెనీలు కొంత గాలి బయటికీ కొంత లోపలికీ పోయే వాల్వ్‌లు చేస్తాయి. జీఎఫ్‌బీవాటిల్లో కొన్నిటికి ఏ వైపు ఎంత అన్నది తిప్పి సరిచేసుకోవచ్చు. మాఫ్ బండికి తిప్పి తిప్పి శబ్దం కొంచెం వచ్చేలా, ఐడ్లింగ్ పడిపోకుండా ఉండేలా కుదుర్చుకున్నవాళ్ళు ఉన్నారు. సగం గాలే పోయినా సగం తప్పు లెక్క ఉంటుంది కదా అంటే, ఉంటుంది. కంప్యూటర్ కొంతవరకు సర్దుకుంటుంది.

మన వైపు ఇంకో విచిత్రం. బొలేరో, స్కార్పియో, ఇన్నోవా వాళ్ళు కూడా బ్లో-ఆఫ్ అడుగుతారు. డీజిల్ ఇంజనులో వేగం పెంచడం తగ్గించడం డీజిల్ ఎంత చిమ్మాలన్న దానితోనే జరుగుతుంది. పెట్రోలు బండిలో లాగా కాలు తీయగానే గాలి దారిని మూసేసే పలకతో దానికి పనిలేదు. కొత్త డీజిళ్ళలో పలక ఉన్నా అది పొగని వెనక్కి తిప్పడానికీ, ఇంజను ఆపేటప్పుడు కుదుపు లేకుండా ఉండటానికీ. గాలి ఎక్కడా ఇరుక్కోదు కాబట్టి వదలాల్సిన అవసరమూ రాదు. డీజిల్‌కి ‘ప్స్‌ష్’ కావాలంటే ఎక్సలేటర్ పెడల్ దగ్గర స్విచ్ పెట్టి, కాలు తీసినప్పుడల్లా కరెంటు వాల్వ్‌తో బూస్ట్ గాలిని బలవంతంగా వదిలించే కిట్లు ఉన్నాయి. అంటే ఇంజను వాడుకోగలిగిన గాలిని పారబోయడం. దీని మీద ఇంతకన్నా రాయను.

ఇప్పుడు మా షెడ్డులో చూసింది ఒకటి చెబుతాను, ఎందుకంటే వాల్వ్ మార్చాలనుకునే ప్రతివాడూ ముందు ఇది చేయాలి. నా దగ్గర పాత టర్బో పెట్రోలు సెడాన్ ఉంది, వ్యాక్యూమ్ ట్యూబుతో పనిచేసే డైవర్టర్ రకం. కొన్నాళ్ళుగా మూడో గేరులో లాగడం మానేసింది, బానెట్ లోంచి ‘హుస్స్’ అని సన్నగా వినబడుతోంది. ఒకచోట చూపిస్తే టర్బో పోయింది, మార్చాలన్నారు. ఆ లెక్క వింటే గుండె ఆగినంత పనైంది. భీమవరంలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఇరుసుని వేళ్ళతో పట్టుకుని ఊపి చూసి, “ఆయ్, టర్బోకేం కాలేదండీ. ముందు దీని సంగతి చూద్దాం” అని డైవర్టర్ ఊడదీశాడు.

డబ్బాలోంచి 50 ఎంఎల్ సిరంజి తీశాడు, సూది లేనిది. దాని మూతికి అంగుళం రబ్బరు ట్యూబు తగిలించి, వాల్వ్ నెత్తిమీది ముక్కుకి పెట్టి పిస్టన్ లాగాడు. లోపలి తలుపు పైకి లేవడం కింది రంధ్రంలోంచి స్పష్టంగా కనబడింది. “ఇప్పుడు సిరంజి కదపకుండా పట్టుకోండి” అన్నాడు. పట్టుకున్నాను. తలుపు పైనే ఉండాలి. ఉండలేదు. మెల్లగా జారి, రెండు మూడు సెకన్లలో టక్ మని మూసుకుంది. మళ్ళీ లాగాడు, మళ్ళీ జారింది. వ్యాక్యూమ్ ఎక్కడినుంచో పోతోంది. బ్లేడుతో ప్లాస్టిక్ మూత అంచు కోసి తెరిస్తే, లోపల తలుపుని కదిపే రబ్బరు పొర (డయాఫ్రం) మడత పడే చోట, వేలి గోరంత మేర చిరిగి ఉంది. ఆయిల్ తగిలి తగిలి రబ్బరు అట్టలా బిర్రబిగిసిపోయింది. వేలితో వంచితే పెళుసుగా విరిగింది.

“ఇంత చిరుగుకే అంత పికప్ పోద్దా?” అన్నాను.

“పోదేంటండీ? బూస్ట్ ఎక్కినప్పుడు కిందనుంచి గాలి తోస్తుంటే, పైనుంచి కూడా అంతే గాలి దీన్ని నొక్కి పట్టుకోవాలి కదండీ. చిరుగులోంచి పైది పోతే ఇంక ఒట్టి స్ప్రింగే మిగిలింది. ఆ స్ప్రింగు ఎంతకని ఆపుద్ది?”

కొత్త డైవర్టర్ వేశాక బండి మళ్ళీ మామూలైంది. టర్బోకి అడిగిన దానిలో అది చాలా చిన్న భాగం. ఆ సిరంజి పరీక్షకి ఖర్చేమీ లేదు. కరెంటు రకం వాల్వ్‌కి ఇది కుదరదు. దాన్ని స్కానర్‌తో తెరిచి మూసి చూడాలి, ఊడదీసి సీటు శుభ్రంగా ఉందో లేదో చూడాలి.

మరి కంపెనీ డైవర్టర్ ఎప్పుడూ చాలుతుందా అంటే చాలదు. కంప్యూటర్ రీమ్యాప్ చేయించి, అంటే దాని సెట్టింగులు మార్పించి, బూస్ట్ పెంచుకుంటే, రబ్బరు డయాఫ్రం ఉన్న పాత రకం ప్లాస్టిక్ వాల్వ్ ఆ ఒత్తిడికి కారడం మామూలే. అప్పుడు లోహంతో చేసిన పిస్టన్ రకం డైవర్టర్ పెట్టించుకోవడంలో అర్థం ఉంది. చిరగడానికి రబ్బరు ఉండదు. దానికి మాత్రం అప్పుడప్పుడూ విప్పి తుడిచి తగిన గ్రీజు రాయాలి, లేకపోతే మన ఉప్పుగాలి తేమకీ ఆయిల్ జిగురుకీ పిస్టన్ పట్టేస్తుంది. నర్సాపురం, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇక పెద్ద టర్బో వేసి, సొంతంగా ట్యూన్ చేసిన కంప్యూటర్‌తో, మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేకో బండి తీసుకెళ్ళేవాడికి బ్లో-ఆఫ్ వాల్వ్ తేలికైన ఎంపిక. తిరుగు గొట్టం అక్కర్లేదు, బానెట్ కింద జాగా కలిసొస్తుంది, పెద్ద మొత్తంలో గాలిని చప్పున వదిలేస్తుంది. అతని కంప్యూటర్‌కి గాలి లెక్క ఎలా చూడాలో అతనే నేర్పి ఉంటాడు. అతనితో నాకు పేచీ లేదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ ₹5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద ₹10,000 దాకా జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉన్నాయి. “రావులపాలెం సెంటర్లో ఎవడు బానెట్ ఎత్తి చూస్తాడు మావయ్యా?” అన్నాడు మా వాడు. పోలీసు చూడకపోవచ్చు. టర్బో కోసం వారంటీ అడిగిన రోజు సర్వీస్ సెంటర్ వాడు చూస్తాడు, అతనికి బానెట్ ఎత్తడమే పని. ఆ రోజు స్పేసర్ తీసి దాచినా, దాని చుట్టూ చిమ్మిన ఆయిల్ మరక దాగదు.

చివరికి మా వాడు ఏం చేశాడంటే, వాడి బండి మ్యాప్ రకం, డైవర్టర్ బాగానే పనిచేస్తోంది. శబ్దం మాత్రం కావాలన్నాడు. వారంటీ అయ్యేదాకా ఆగమన్నాను, ఒప్పుకున్నాడు. ఆగుతాడో లేదో సంక్రాంతికి తెలుస్తుంది.

వ్యాక్యూమ్ ట్యూబు ఉన్న రకం బళ్ళవాళ్ళు సార్వా కోతలయ్యాక ఒక పని చేయండి. పొలాలు ఖాళీ అయితే ఎలకలు ఇళ్ళ మీద పడతాయి, గడ్డివాము పక్కన పెట్టిన కారు బానెట్ కింద వెచ్చగా చేరతాయి. వాటికి ఆ సన్న రబ్బరు ట్యూబే ముందు దొరుకుతుంది. డైవర్టర్ పోయిందని కొత్తది ఆర్డర్ పెట్టేముందు టార్చి వేసి ఆ ట్యూబుని ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడిమి చూడండి. కొరికి ఉంటే మీటరు సిలికాన్ ట్యూబు, రెండు క్లిప్పులు చాలు. లోపలి కొలత పాతదానికి సరిపోయేది తీసుకోండి. వదులైతే క్లిప్పు వేసినా బూస్ట్‌కి ఊడిపోతుంది.